వానలో పళవేర్కాడు: కోట, సమాధులు, కొంగలు

కార్తీక వనభోజనాలు అయిన తర్వాత మన అసోసియేషన్ వాళ్లం ఇరవై ఆరుమందిమి మినీ బస్సులో పళవేర్కాడు వెళ్లొచ్చిన సంగతి గ్రూపులో ఫొటోలు చూసినవాళ్లకు తెలుసు. ఆ ఫొటోల కింద మూడు రకాల వ్యాఖ్యలు వచ్చాయి. ఇంత వానలో పిల్లల్ని తీసుకెళ్తారా అన్నది మొదటిది. పక్షుల కోసమైతే నేరుగా సూళ్లూరుపేట పోవచ్చు కదా అన్నది రెండోది. మూడోది మన పెద్దాయన ఒకరు రాశారు: "అక్కడ మనకేముంది నాయనా, డచ్చివాళ్ల గోరీలేగా!" మూడింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు వాన సంగతి. ఈ సరస్సు అసలు రూపం వానలోనే కనపడుతుంది. మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది ఇదే. సముద్రానికీ దీనికీ నడుమ శ్రీహరికోట దీవి పొడుగ్గా గోడలా పడుకుని ఉంటుంది. దక్షిణపు కొసన ఆరణి నది, ఉత్తరాన కాళంగి వచ్చి కలుస్తాయి. ఎండాకాలంలో నదుల్లో నీళ్లుండవు. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారం ఇసుక మేటలతో పూడుకుపోతుంది. ఉత్తరం వైపు సరస్సు చాలా మేర ఎండి, తెల్లగా ఉప్పు తేలి, ఎద్దుల బండి తోలుకుపోయేలా ఉంటుంది. అక్టోబరు దాటి ఈశాన్య రుతుపవనం దిగాక నదుల వరద వచ్చి ఆ ఇసుకను లోపలి నుంచి నెడుతుంది. మొగ తెరుచుకుంటుంది. ఉప్పదనం తగ్గుతుంది, సముద్రం నుంచి రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికి ఎక్కుతాయి. అవి వస్తేనే జాలర్లకు తిండి, పక్షులకు తిండి. వరద సరిగ్గా రాని ఏడు మొగ పూడికే ఉండిపోతుంది, అప్పుడు దాన్ని తవ్వించమని జాలరి ఊళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతాయి. ఈ సరస్సును మనవాళ్లు ప్రళయకావేరి అనడంలో ఎంత అర్థముందో డిసెంబరు వానలో ఆ వంతెన మీద నిలబడితే తెలుస్తుంది. స. వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు చదివినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. చదవనివాళ్లు వెతికి చదవండి, అక్కడి దీవుల్లో బతికిన తెలుగు ఆ పుస్తకంలో ఉంది.

పిల్లల విషయం. మేం పడవ ఎక్కలేదు. 2011 క్రిస్మస్ నాడు ఇక్కడే విహారానికి వచ్చినవాళ్ల పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. అది గుర్తుంచుకునే ముందే నిర్ణయించుకున్నాం, ఎవరెంత బతిమాలినా నేల మీదే తిరగాలని. పక్షులు చూడ్డానికి వంతెన చాలు, గట్టు చాలు.

ఇక ఊరు. చెన్నై నుంచి మీంజూరు, పొన్నేరి మీదుగా అరవై కిలోమీటర్ల లోపే. తమిళంలో పళవేర్కాడు, తెల్లవాళ్ల నోట పలియకట్ట, తర్వాత పులికాట్. (బస్సులో ఓ పిల్లాడు "పులీ ఉంది, క్యాటూ ఉంది, రెండూ ఒకటే కదా" అన్నాడు. ఆ జోకు మాకు రోజంతా సరిపోయింది.) ఇప్పుడు చూస్తే చేపల మార్కెట్టు, నాలుగు వీధులు, రెండు మసీదులు, తాటాకు బుట్టలల్లే ఆడవాళ్లు. నాలుగు వందల ఏళ్ల కిందట కోరమండల్ తీరంలో డచ్చి కంపెనీకి ఇదే రాజధాని.

వాళ్లు ఇక్కడికెందుకొచ్చారంటే గుడ్డ కోసం. వాళ్లకు అసలు కావాల్సింది ఇండోనేషియా దీవుల్లోని లవంగాలు, జాజికాయ. ఆ దీవులవాళ్లకు మన తీరంలో నేసి అద్దిన బట్టల మీద మోజు, వట్టి వెండి చూపిస్తే చాలేది కాదు. అందుకని మసాలా కావాలంటే ముందు మన గుడ్డ కావాలి. 1605-06లోనే మచిలీపట్నంలో, నిజాంపట్నంలో దిగారు. అక్కడ గోల్కొండ అధికారుల ఒత్తిళ్లు. దక్షిణాన ఇంకో రేవు వెతికి 1610లో ఇక్కడ వ్యాపారానికి అనుమతి తెచ్చుకున్నారు. ఇచ్చిందెవరో చూడండి. చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన అరవీటి వేంకటపతిరాయలు, అంటే విజయనగరం చివరి పెద్ద రాజు. ఈ రేవు ఆయన రాణి, గొబ్బూరివారి ఆడపడుచు ఓబాయమ్మ చేతిలో ఉండేది. 1612లో మైలాపూరు పక్కనున్న శాంతోము నుంచి పోర్చుగీసువాళ్లు వచ్చి డచ్చివాళ్ల కొట్టును ధ్వంసం చేశారు. అప్పుడు కోట మాట వచ్చింది. రాణి అప్పటికే ఒక కోట మొదలుపెట్టించి ఉంది, అది చివరికి డచ్చివాళ్ల చేతికొచ్చింది. 1613లో వాళ్ల అధికారి వెమ్మర్ వాన్ బెర్హెం తన సొంత నాడు గెల్డర్‌లాండ్ పేరు మీద దానికి గెల్డ్రియా అని పేరు పెట్టుకున్నాడు.

మరుసటేడు 1614లో రాయలు పోయాడు. ఆ తర్వాతి కథ మన పిల్లలకు ఎవరూ చెప్పరు. గొబ్బూరి జగ్గరాజు కొత్త రాజును కుటుంబంతో సహా చంపించాడు, వెలుగోటి యాచమనాయకుడు ఒక పిల్లవాణ్ని బయటికి తప్పించి అతని తరఫున నిలబడ్డాడు, తోపూరు యుద్ధం దాకా పోయింది. వెంకటగిరి సంస్థానం వాళ్ల పూర్వీకుడే ఈ యాచమనాయకుడు. రాజ్యం రెండుగా చీలి కొట్టుకుంటుంటే రేవులో కోట కట్టుకున్న కంపెనీకి అడ్డు చెప్పే నాథుడు లేకుండా పోయాడు. నా దృష్టిలో ఈ ఊరి చరిత్రలో అసలు మలుపు అది. కోట కట్టడం కాదు, కట్టిన మరుసటేడు లోపలి ఇల్లు కూలడం.

కోట ఉన్న చోటు ఇప్పుడు కందకం గుంట, దిబ్బ, దాన్ని కప్పేసిన సర్కారు తుమ్మ. 1806లో ఇంగ్లీషువాళ్లు దాన్ని పేల్చి పడగొట్టారు. వానలో ఆ తుమ్మల్లోకి పోవడం మంచిది కాదు, పాములుంటాయి. గట్టు మీద నుంచే చూపించాం. పిల్లలకు పెద్దగా నచ్చలేదు. నిజానికి అక్కడ చూడ్డానికేమీ లేదు కూడా.

సమాధుల దగ్గర మాత్రం అందరూ గొడుగులు ముడిచి నిలబడిపోయారు. పురావస్తు శాఖ కాపాడుతున్న చోటు, గేటుకు రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు కాపలా ఉంటాయి. లోపల కొన్ని గోపురాల్లా, కొన్ని కొనదేలిన స్తంభాల్లా, ఎక్కువగా నేల మీద పరిచిన నల్లరాతి పలకలు. ఆ పలకల మీద డచ్చి అక్షరాలు, వంశాల చిహ్నాలు, పూలతీగలు, అన్నీ నిన్న చెక్కినంత స్పష్టంగా ఉన్నాయి. వాన నీళ్లు ఆ అక్షరాల గాళ్లలో నిలిస్తే ఇంకా బాగా కనపడ్డాయి. వ్యాపారి, వ్యాపారి భార్య, నెలల బిడ్డ, ఓడ కెప్టెను. పుట్టిన ఊరు, చచ్చిన తేదీ, అన్నీ రాసుకున్నారు.

ఇక్కడే పెద్దాయన ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. మనకేముంది అంటే, చాలా ఉంది. డచ్చివాళ్లు నేరుగా సాలెవాళ్ల దగ్గరకు పోయి గుడ్డ కొనలేదు. వాళ్లకూ మగ్గానికీ నడుమ పెద్ద వ్యాపారులుండేవాళ్లు. బయానా వాళ్ల చేతికిచ్చేవాళ్లు, వాళ్లు ఊరూరా మగ్గాలకు పంచి గుడ్డ తెప్పించేవాళ్లు. ఆ వ్యాపారుల్లో అందరికన్నా పైన ఉన్న కుటుంబం తెలుగు బలిజ చెట్లది. అచ్యుతప్ప చెట్టి, ఆయన తర్వాత మలయ అని డచ్చి కాగితాలు పిలిచే చిన్నన్న చెట్టి. వీళ్లకు సొంత ఓడలుండేవి, నాయకుల దగ్గర పన్నుల గుత్తలుండేవి, రాజులకూ కంపెనీకీ నడుమ రాయబారాలు నడిపేవాళ్లు. పదిహేడో శతాబ్దం మొదటి సగంలో ఈ తీరంలో వీళ్లకు తెలియకుండా పెద్ద బేరం ఏదీ జరిగేది కాదు. ఇంకో మాట. ఇంగ్లీషువాళ్లు 1620ల మొదట్లో కొంతకాలం ఈ ఊళ్లోనే డచ్చివాళ్ల పక్కన వ్యాపారం చేసి చూశారు, ఇమడలేకపోయారు. 1626లో సరస్సు ఉత్తరపు అంచు దగ్గర దుగరాజపట్నం పోయారు, అదీ కలిసిరాలేదు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర ఇంకొంచెం దక్షిణాన ఇసుక తిప్ప ఒకటి సంపాదించుకున్నారు. ఆ తిప్ప మీదే మనం ఇప్పుడు ఇళ్లు కట్టుకుని అసోసియేషన్ నడుపుకుంటున్నాం. పళవేర్కాడులో చోటు దొరికుంటే మద్రాసు ఎక్కడ లేచేదో.

గుడ్డ గురించి ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. చిరివేరుతో ఎర్ర రంగు పట్టించిన గుడ్డలు, గళ్ల గుడ్డలు ఇక్కడ ఓడెక్కి మలక్కా దాకా పోయేవి. మలేషియాలో ఇప్పటికీ మగవాళ్లు ఇంట్లో కట్టుకునే గళ్ల లుంగీని కాయిన్ పెలికాట్ అంటారు. పెలికాట్ అంటే మన పులికాటే. ఊరి పేరు మనం మర్చిపోయినా వాళ్ల నడుముకు చుట్టుకునే ఉంది.

ఇంతవరకూ చెప్పింది మన సంఘాల సభల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. రాయలు మనవాడు, నాయకుడు మనవాడు, చెట్టి మనవాడు, మద్రాసు మనవాళ్లిచ్చిన నేల. చప్పట్లు కూడా వస్తాయి. కానీ ఈ రేవు నుంచి ఓడెక్కింది గుడ్డ ఒక్కటే కాదు. మనుషులు ఎక్కారు.

డచ్చివాళ్లు 1619లో జావా దీవిలో బటావియా నగరం కట్టుకున్నారు, అదే ఇప్పటి జకార్తా. దాన్ని నింపడానికి పనివాళ్లు కావాలి. అదే సమయానికి, 1618-20లో, ఇందాక చెప్పిన అంతర్యుద్ధాల వెనకాలే మన తీరంలో కరువు వచ్చింది. తినడానికి లేక పిల్లల్ని అమ్ముకున్నారు, తమను తాము అమ్ముకున్నారు. కొన్నది కంపెనీ. పళవేర్కాడు, ఇంకా దక్షిణాన దేవనాంపట్నం, ఇలాంటి రేవుల నుంచి ఓడలు కదిలాయి. 1645-46లో మళ్లీ యుద్ధం, మళ్లీ కరువు, మళ్లీ ఓడలు. వేలమంది. కోటలో మందుగుండు తయారయ్యేది, టంకసాలలో వరహాలు పడేవి, లెక్కల పుస్తకాల్లో గుడ్డ కట్టల పక్కనే మనుషుల లెక్కా పడేది. మనం గొప్పగా చెప్పుకునే రాజ్యం పడిపోయిన చప్పుడు మొదట వినపడింది వీళ్ల ఇళ్లలో.

అలా పోయినవాళ్లలో ఒకామె కథ కాగితాల మీద మిగిలింది. కతరీనా అని కొత్త పేరు పెట్టారు, దాని పక్కన ఇంటిపేరు స్థానంలో వాన్ పలియకట్ట, అంటే పులికాట్ మనిషి. 1630ల ప్రాంతంలో పుట్టింది. బటావియాలో బానిసగా ఉండగా, తన మీద చెయ్యి చేసుకున్న మనిషి చనిపోయిన కేసులో ఆమెకు మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని తగ్గించి ఆఫ్రికా కొసన డచ్చివాళ్లు అప్పుడే మొదలుపెట్టిన కేప్ కోటకు ఖైదీగా పంపారు. 1657లో అక్కడ దిగింది. బట్టలు ఉతికే పని. ఏళ్లు గడిచాక విడుదలైంది, బెంగాల్ నుంచి అలాగే బానిసగా వచ్చి స్వేచ్ఛ పొందిన ఒకాయన్ను పెళ్లి చేసుకుంది. అంతకుముందు ఒక డచ్చి కొలువు సైనికుడి వల్ల పుట్టిన ఆమె కొడుకు క్రిస్టఫెల్ పేరు మీద స్నైమన్ అనే వంశం ఇప్పటికీ దక్షిణాఫ్రికాలో ఉంది. తెల్లజాతి కుటుంబంగా పెరిగిన వంశం.

దక్షిణాఫ్రికాకు మనవాళ్లు ఎప్పుడు పోయారు అని ఏ తెలుగు సభలో అడిగినా 1860, ట్రురో ఓడ, మద్రాసు రేవు అని జవాబొస్తుంది. నిజమే, చెరుకు తోటల కూలీలుగా పోయిన ఆ తరం గురించే మనం మాట్లాడుకుంటాం. పళవేర్కాడు నుంచి వచ్చిన ఈ ఆడమనిషి వాళ్లకన్నా 203 ఏళ్ల ముందు అక్కడ నీళ్ల గట్టున బట్టలుతికింది. ఆమెను మనదని పట్టుకోడానికి కాగితం ఏ ఆధారమూ మిగల్చలేదు. ఆ పేరులో ఆమె భాష లేదు, కులం లేదు, అమ్మానాన్నలు లేరు. ఊరొక్కటే మిగిలింది. తెలుగామె అయితేనే మన సభలో పేరెత్తుతామా? అదే కాలంలో ఇదే ఊళ్లో చనిపోయిన డచ్చి వ్యాపారి భార్యకు తాతముత్తాతల చిహ్నాలతో రాతిపలక ఉంది. సమాధుల దగ్గర నేను పిల్లలకు చెప్పింది ఇదే. ఓ పాప "మరి వాళ్ల సమాధులెక్కడ అంకుల్?" అని అడిగింది. లేవమ్మా, ఆ నీళ్లవతల పోయాయి అన్నాను. అక్కడున్న ఒక అమ్మ నన్ను పక్కకు పిలిచి, పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ, పక్షులు చూపిద్దామని కదా వచ్చాం అన్నారు. ఆవిడ మాట తీసిపారేయను. కానీ గోరీల గేటు దాకా తీసుకొచ్చి అస్థిపంజరాల ముందు సెల్ఫీలు తీయించి వెనక్కి తీసుకెళ్లడం నాకైతే ఇష్టం లేదు.

మంచి సంగతి కూడా ఒకటి ఇదే ఊళ్లో జరిగింది. 1632 నుంచి పదేళ్లు ఈ కోటలో పాదిరిగా ఉన్న అబ్రహాం రోజేరియస్ అనే ఆయన పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ని కూర్చోబెట్టుకుని మన ఆచారాలు, పూజలు, నమ్మకాలు అడిగి రాసుకున్నాడు. ఇద్దరూ పోర్చుగీసులో మాట్లాడుకున్నారు, ఇద్దరికీ వచ్చిన భాష అదే మరి. ఆ పుస్తకం 1651లో, ఆయన పోయాక, లైడెన్‌లో అచ్చయింది. అందులో భర్తృహరి సుభాషితాలు ఉన్నాయి. ఏనుగు లక్ష్మణకవి తెనిగించగా మన బడిపిల్లలు వల్లెవేసిన భర్తృహరి ఐరోపా భాషలోకి మొదటిసారి వెళ్లింది పళవేర్కాడు నుంచే. నీతి, వైరాగ్యం వెళ్లాయి, శృంగారం మాత్రం ఆగిపోయింది. పాదిరి గారికి ఇబ్బందైందో పద్మనాభుడికి ఇబ్బందైందో!

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1690లో రాజధాని నాగపట్నానికి మారింది. 1781లో ఇంగ్లీషువాళ్లు నాగపట్నం పట్టుకున్నారు, పళవేర్కాడూ పట్టుకున్నారు. చేతులు మారి మారి 1825లో పూర్తిగా ఇంగ్లీషువాళ్ల కిందికి వచ్చింది. మద్రాసు పెరిగింది, ఈ రేవు ఇసుకలో నిద్రపోయింది.

పదకొండు దాటాక వాన కాస్త తెరిపిచ్చింది. వంతెన మీదికి పోయాం. నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి, ఆరణి వరద. ముందు గరుడపక్షులు కనపడ్డాయి, తెల్ల తల, ఇటుక రంగు రెక్కలు, ఒకటి కాదు పది. చేపల మార్కెట్టు పక్కన పెరిగినవాటికి మనుషులంటే లెక్కలేదు. తర్వాత నలుపు తెలుపు లకుముకి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి రాయిలా పడింది, లేచేటప్పటికి ముక్కులో చేప. పిల్లలు కేకలు. నీటికాకులు వల కర్రల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, వాన పడుతుంటే ఏం ఆరతాయో. దూరంగా మేట మీద ఉల్లంకి పిట్టల గుంపు, ఉత్తర ఆసియా నుంచి వచ్చినవి, గాలికి అన్నీ ఒకే వైపు ముఖం పెట్టి నిలబడ్డాయి.

ఈ పేర్ల దగ్గర ఒక సరదా జరిగింది. మన ఉల్లంకిని తమిళంలో ఉళ్ళాన్ అంటారు. మన నత్తగుల్ల కొంగ వాళ్లకు నత్తైకుత్తి నారై. పిల్లలు తెలుగు పేరు నేను చెప్తే తమిళం పేరు బడిలో విన్నవాళ్లు చెప్పారు, రెండు వరసలుగా నోటుబుక్కులో రాసుకున్నారు. వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన ఇదంతా విని తెలుగులోనే పలకరించాడు. "మా అత్తగారి ఊరు అటుపక్క సార్, ఆంధ్రా" అన్నాడు. అటుపక్క పట్టపు జాలర్లు చాలామంది ఇంట్లో తమిళం, బయట తెలుగు మాట్లాడతారు. మనం ఇటుపక్క ఇంట్లో తెలుగు, బయట తమిళం. సరస్సుకు ఈ తేడా లేదు. ఇక్కడ చేపల వేటకు పాడు అని పాత పద్ధతి ఉంది. ఏ ఊరివాళ్లు ఏ రోజు ఏ చోట వల వెయ్యాలో చీట్లేసుకుని వంతులు పెట్టుకుంటారు. మంచి చోటు ఎవరికీ శాశ్వతం కాదు. 1953లో రాష్ట్రం విడిపోయింది, 1960లో సరిహద్దు సర్దుబాటై తిరుత్తణి ఇటు, సత్యవేడు అటు పోయాయి, సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో, ఈ దక్షిణపు కొస తమిళనాడులో ఉండిపోయింది. నీళ్లలో గీత గీయలేరు కాబట్టి జాలర్ల మధ్య గొడవలూ తప్పలేదు. ఆయన మాత్రం గీత గురించి ఏమీ అనలేదు. మొగ పూడుతోంది, పక్కన రేవు పెరుగుతోంది, ఇంకెన్నాళ్లో తెలీదు సార్ అన్నాడు. వాళ్ల అబ్బాయి వలకు రాకుండా మీంజూరులో పనికి పోతున్నాడట.

రాజహంసలు ఆ రోజు పళవేర్కాడులో కనపడలేదు. కనపడవు కూడా. వాటి కాళ్లు ఎంత పొడుగైనా మోకాటి లోతు నీళ్లే వాటికి పని. కాళ్లతో బురద కెలికి, ముక్కు తలకిందులుగా పెట్టి, నీళ్లు జల్లెడ పట్టినట్టు వడకట్టి తింటాయి. వరద నిండిన చోట అది కుదరదు. అందుకే రెండో వ్యాఖ్య రాసినవాళ్ల మాట కూడా మన్నించి మధ్యాహ్నం భోజనాలయ్యాక తడ మీదుగా సూళ్లూరుపేట పోయాం. అక్కడి నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. రాకెట్ల కోసం వేసిన రోడ్డు, ఆ రాకెట్ల కోసమే దీవి నుంచి యానాదుల్ని లేపి వేరేచోట్లకు పంపారు. రోడ్డుకు ఎడంపక్క, వాన తెరలో, ముందు తెల్లటి గీత ఒకటి కనపడింది. బైనాక్యులర్ పెడితే గీత విడిపోయి కాళ్లయింది. రెండొందలకు తక్కువుండవు. మధ్యలో బూడిద రంగువి ఈ ఏటి పిల్లలు, ఇంకా గులాబీ రాలేదు. ఒక ఉరుము ఉరిమితే అన్నీ ఒక్కసారి లేచాయి, రెక్కల కింద ఎరుపు నలుపు కనపడింది. బస్సులో అందరం గమ్మునైపోయాం. కొన్ని క్షణాల తర్వాత డ్రైవరే "పూనారై" అన్నాడు, వాళ్ల తమిళంలో పూల కొంగ.

నేలపట్టు కూడా చూద్దామనుకున్నాం, చీకటి పడింది. అక్కడ కడప చెట్లు నీళ్లలో మునిగి ఉండగా వాటి మీద గూడబాతులు గూళ్లు పెడతాయి, పులికాట్‌కు వచ్చి చేపలు మేసి పోతాయి. అది జనవరి చివర్లో పెట్టుకుందాం. అప్పటికి సరస్సులో నీళ్లు కూడా తగ్గుతాయి, రాజహంసలు ఇంకా దగ్గరికొస్తాయి. రావాలనుకునేవాళ్లు కార్యదర్శి గారికి పేర్లివ్వండి. మొదటి బస్సు సమాధుల మీదుగానే పోతుంది, ముందే చెప్తున్నాను. గొడుగులు తేకండి, వంతెన మీద గాలికి నిలవవు, రెయిన్‌కోట్లు తెచ్చుకోండి. బైనాక్యులర్ ఉన్నవాళ్లు తప్పకుండా తేవాలి, ఈసారి ఇరవై ఆరుమందికి రెండే ఉన్నాయి, పిల్లల చేతుల్లోంచి పెద్దలు లాక్కున్నారు.